వంకర కొర్సెల్లికి కొత్త అద్దం

సలీనాస్ వెళ్ళే దారిలో, ముందు పోతున్న ఆకుకూరల లారీ చక్రం కింద నుంచి లేచిన గులకరాయి విల్మా ఆస్ట్రాండ్ కారు ముందద్దానికి తగిలినప్పుడు పెద్ద చప్పుడేమీ కాలేదు. పలక మీద గోటితో కొట్టినంత. డ్రైవరు వైపు కింది అంచున ఆవగింజంత తెల్లమచ్చ పడింది. ఆమె ఇల్లు చేరేసరికి ఆ మచ్చకు ఒక కాలు మొలిచింది. ఆమె ఉండే తీరపు ఊరు పసిఫిక్ గ్రోవ్‌లో తెల్లవారుజామున సముద్రం మీంచి వచ్చే చలికీ, మధ్యాహ్నపు ఎండకీ ఆ కాలు సాగి సాగి, వారం తిరక్కుండా సరిగ్గా ఆమె కంటి ఎత్తున అద్దానికి అడ్డంగా పాకింది. ఎదురుగా వచ్చే బండి ఆ గీత దాటేటప్పుడు రెండు ముక్కలై మళ్ళీ అతుక్కునేది.

ఆ కారు పేరు కొర్సెల్లి. ఇటలీలో ఇద్దరు అన్నదమ్ములు ఒక షెడ్డులో చేత్తో రేకు కొట్టి తయారుచేసి, దివాలా తీసి చేతులు దులుపుకున్న బండి. ప్రపంచం మొత్తం మీద పదికి మించి మిగల్లేదంటారు. విల్మా దాన్ని కొన్ననాడు ఆ లెక్క ఎవరికీ పట్టలేదు. అప్పటికది విడిభాగాలు దొరకని, మరమ్మతు చేసేవాడు లేని, అమ్మినవాడు హాయిగా ఊపిరి పీల్చుకున్న పాత విదేశీ కారు. కౌంటీ భూముల కొలతల శాఖలో పనిచేసే ఒంటరి యువతి జీతానికి అందిన ఒకే ఒక్క అందమైన వస్తువు. ఆమె దాన్ని ఆఫీసుకు నడిపింది, కూరగాయలకు నడిపింది, కొలత టేపులూ మేకులూ వెనక పడేసుకుని కొండదారులెక్కించింది. ఇంతలో లోకం మనసు మార్చుకుంది. అది శిల్పమనీ, సంపద అనీ, ఎండ తగలకూడదనీ తేల్చింది. డెబ్బై ఏడేళ్ళ విల్మా మాత్రం మనసు మార్చుకోలేదు. ఆమెకు ఇంకో కారు లేదు. కావాలనీ లేదు.

హైవే పోలీసు ఆమెను కార్మెల్ మలుపు దగ్గర ఆపాడు. మర్యాదస్తుడు. టోపీ సర్దుకుని అద్దం ముందు నిలబడ్డాడు.

“అమ్మా, ఈ గీతలోంచి నేను మీకు ఒకడిగా కనిపిస్తున్నానా, ఇద్దరిగానా?”

“ఒకటిన్నర,” అంది విల్మా.

“మిగతా సగం కూడా కనిపించేదాకా మీరు ఈ బండి నడపకూడదు. అద్దం మార్పించి తెచ్చి చూపించండి.”

ఆమె వాదించలేదు. అతను చెప్పింది నిజం. ఆ గీతకు అవతల ఒక మనిషి రోడ్డు దాటుతుంటే ఆమెకు సగం మనిషే కనిపిస్తాడు. అద్దం మారాలి, లేదా బండి ఆగిపోవాలి. ఈ రెంటి మధ్యా మూడోది లేదని కొలతల శాఖలో పనిచేసిన మనిషికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

సలీనాస్‌లో కార్ల అద్దాల షాపు నడిపే గ్రసియేలా ఓర్నెలాస్‌ను ఊరంతా చేలా అంటారు. యాభై దాటిన మనిషి. ముఠా మేస్త్రీ గొంతు. పెద్దావిడలను స్పానిష్‌లో మర్యాదగా ‘దోన్యా’ అంటుంది. ఆమె తమ్ముడు నాచో కారును లారీ మీద ఎక్కించుకొచ్చి షాపు ముందు దించగానే చేలా బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, అద్దం దగ్గర ఆగి, శిలువ గుర్తు వేసుకుంది.

“దోన్యా విల్మా, ఇది అద్దం కాదు, చర్చిలో పెట్టెలో దాచిన పునీతుడి దంతం. దీన్ని ముట్టుకుంటే మీ కార్ల సంఘం వాళ్ళు నన్ను మేకులు కొట్టి వేలాడదీస్తారు.”

“నాకు సంఘం లేదు. కారుంది. అది రోడ్డెక్కాలి.”

“ఎక్కించాలంటే అద్దం ఉండాలిగా! కొర్సెల్లి అని కొడితే నా కంప్యూటరు ఏమంటోందో తెలుసా? ‘కొరొల్లా అనబోయారా?’ అంటోంది.”

“అక్కా, కొరొల్లా అద్దమే పెట్టేద్దాం,” అన్నాడు నాచో. “ఎవడు చూడొచ్చాడు?”

“నువ్వు నోరు మూసుకుని ఆ తాడు చుట్టు.”

అద్దం దొరకదు గానీ చేయించవచ్చని చేలా చెప్పింది. ఒరెగాన్‌లో ఒకాయన ఉన్నాడు. గాజు పలకను అచ్చు మీద పరిచి కొలిమిలో వేడిచేస్తే అది మెత్తబడి అచ్చు వంపులోకి జారి కూర్చుంటుంది. అలాంటి పలకలు రెంటి మధ్య పల్చటి ప్లాస్టిక్ పొర పెట్టి ఒకటిగా అతుకుతాడు. కావలసిందల్లా అచ్చు. అన్నదమ్ముల షెడ్డులోని అసలు కర్ర అచ్చు, షెడ్డు వేలానికి వచ్చినప్పుడు డెస్మండ్ ఫెయిర్‌లీ అనే పెద్దమనిషి పాడుకున్నాడు. కొర్సెల్లి యజమానుల సంఘానికి ఆయన అధ్యక్షుడు. ఆ అచ్చును కార్మెల్‌లోని తన ఇంట్లో, సోఫా వెనక గోడకు తగిలించుకున్నాడు.

విల్మా ఫోను చేసిన మర్నాడే ఫెయిర్‌లీ షాపుకొచ్చాడు. నార కోటు, మెడలో పట్టు రుమాలు. ఆమెను పలకరించకముందే కారు ముందు మోకరిల్లి, జేబులోంచి చిన్న టార్చి తీసి అద్దమంతా వెతికాడు.

“అద్భుతం,” అన్నాడు.

“ఏది?”

“ఈ చీలిక. దీన్ని ఎవరూ ముట్టుకోకూడదు, మిస్ ఆస్ట్రాండ్. ఇది చరిత్ర.”

“మీ చరిత్ర పోయిన నెల ఆకుకూరల లారీ కింద నుంచి వచ్చింది, మిస్టర్ ఫెయిర్‌లీ.”

ఆయనకు ఆ మాట వినిపించలేదు. మూలన గోరంత ముద్ర ఉంది, రెక్కలు విప్పిన పక్షి. దాని మీదే ఆయన టార్చి ఆగిపోయింది. “పక్షి! అసలు పక్షి! మా కార్లన్నీ ఏదో ఒకనాడు విప్పి మళ్ళీ బిగించినవే. ఎవరూ చెయ్యి పెట్టని కొర్సెల్లి భూమ్మీద ఇదొక్కటే. ఆగస్టు పాతకార్ల ప్రదర్శనలో ‘ముట్టుకోని కార్ల వరుస’ ఉంది కదా, ఇంతవరకూ ఆ వరుసలో కొర్సెల్లి నిలబడలేదు. మీది నిలబడుతుంది. ట్రెయిలర్ నేను పంపిస్తాను. దాని తర్వాత మ్యూజియం వాళ్ళతో మాట్లాడతాను.”

“నేను అడిగింది అచ్చు.”

“మీరింకా దీన్ని నడుపుతారా?” ఆయన గొంతులో పలికింది కోపం కాదు, జాలి.

“మీ ఇంట్లో కుళాయి ఉంది కదా. తిప్పుతారా, దణ్ణం పెడతారా?”

చేలా వెనక్కి తిరిగి దగ్గు నటించింది.

ఫెయిర్‌లీ లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు. బేరం తెలిసిన మనిషి. అచ్చు ఇస్తానన్నాడు. బదులుగా ఆగస్టులో కారు ఆ వరుసలో నిలబడాలి. ఇక అద్దం సంగతి. ఆయన గొంతు తగ్గించాడు.

“కొత్త అద్దం మూలన ఈ పక్షినే చెక్కిస్తాం. ముద్ర కత్తిరించిన రేకు నా దగ్గరుంది. గాజు మీద పెట్టి గాలితో ఇసుక ఊదితే బొమ్మ పడుతుంది, క్షణంలో పని. న్యాయనిర్ణేతలు పక్షిని చూస్తారు, తల ఊపుతారు, ముందుకు పోతారు. అందరూ చేసేదే.”

“అందరూ అంటే?”

“నా కారుకీ అంతే అనుకోండి.”

“దొంగ పక్షి నాకొద్దు. కారు తెస్తాను, మీరు చెప్పిన చోట నిలబెడతాను. ముద్ర మాత్రం వెయ్యను.”

“అప్పటికి చూద్దాం లెండి,” అని ఫెయిర్‌లీ నవ్వాడు. ఆయన అబద్ధాలకోరు కాదు, తన దృష్టిలో. అసలుతనం మీద ఆయనకున్న భక్తి నిజమైనదే. ఆ భక్తి కోసం ఎంత నకిలీకైనా సిద్ధపడటం ఆయనకు వింతగా తోచేది కాదు. ఆ లోకంలో ఎవరికీ తోచేది కాదు. ఒట్టు పెట్టుకున్నవాళ్ళందరూ బహుమతి దగ్గరపడేసరికి మెత్తబడటం ఆయన చాలాసార్లు చూశాడు.

జూన్ చివర్లో ఫెయిర్‌లీ అచ్చు మీద చేసిన అద్దం, ఆ అచ్చుతో పాటే, చెక్కపెట్టెలో వచ్చింది. చేలా, నాచో చెరో పక్కా గాజుకు అతుక్కునే రబ్బరు పిడులతో ఎత్తి, పాత అద్దం మీదే పెట్టి సరిచూశారు. కింది అంచు కలిసింది. కుడి పై మూల కలిసింది. ఎడమ పై మూల మాత్రం బొటనవేలు దూరేంత ఎత్తున నిలబడింది.

“తిప్పి పెట్టు,” అంది చేలా. తిప్పేందుకేమీ లేదు. మళ్ళీ అలాగే పెట్టారు. మళ్ళీ అంతే.

“నొక్కనా అక్కా?”

“నీ బరువుతో నొక్కితే పగిలేది అద్దం కాదు, నా పరువు.” అంటూనే ఆమె అరచేయి ఆ మూల మీద ఆనించింది. కొత్త గాజు కొంచెం లొంగుతుందేమోనన్న ఆశ. గాజు లొంగలేదు. టక్‌మంది. ఎడమ మూల నుంచి అద్దం నడుమ దాకా తెల్లటి గీత ఒకే ఊపున పరుగెత్తింది.

పక్క టైర్ల కొట్టులో రేడియో పాడుతూనే ఉంది.

“తిట్టండి, దోన్యా,” అంది చేలా. “మీరు తిట్టకపోతే నేనే తిట్టుకోవాలి. నన్ను నేను తిట్టుకుంటే ఇంకా ఘోరంగా ఉంటుంది.”

విల్మా తిట్టలేదు. సంచీలోంచి దారపు ఉండ తీసింది. అద్దం చట్రంలో ఒక మూల నుంచి ఎదురు మూలకు దారం పట్టి ముడి వేసింది. మిగతా రెండు మూలలకూ ఇంకో దారం పట్టింది. రెండు దారాలనూ పక్కపక్కన వేలాడదీసింది. ఒకటి రెండోదానికన్నా స్పష్టంగా పొట్టిగా ఉంది. తర్వాత ఆమె, చేలా కలిసి అద్దానికి ఎడమ పక్కన పైకప్పును మోసే స్తంభాన్ని తడిమారు. అది పొట్టిదే కాదు, కొంచెం లోపలికి మెలితిరిగి ఉంది. ఇటలీ షెడ్డులో కుడివైపు రేకు అన్న కొట్టాడు, ఎడమవైపు తమ్ముడు కొట్టాడు. అన్న సుత్తి దెబ్బా తమ్ముడి సుత్తి దెబ్బా ఎన్నడూ ఒకటి కాలేదు. కర్ర అచ్చు వాళ్ళు చేయాలనుకున్న కారుకు అచ్చు. చేసిన కారు వేరు. అసలు అద్దాన్ని తర్వాత ఏదో ఒకలా ఈ వంకరకే ఒదిగేట్టు వంచి ఎక్కించారు.

“అచ్చు చూశాను, కారు చూళ్ళేదు,” అంది చేలా. “ఇన్నేళ్ళుగా ఇదే పని. ఆ గోడకు తగిలించుకున్న కర్ర చూసేసరికి నాకూ భక్తి పుట్టింది, పాడుగాను.”

“నాకూ పుట్టింది,” అంది విల్మా. “కొలవకుండా నమ్మాను.”

వార్త తెలిసి ఫెయిర్‌లీ ఆ సాయంత్రమే వచ్చాడు. పగిలిన కొత్త అద్దాన్ని చూసి పెద్దగా బాధపడలేదు. వంకర స్తంభాన్ని చూసి, బాగా ఎరిగిన జబ్బును గుర్తుపట్టిన వైద్యుడిలా తల పంకించాడు.

“దీనికి మందుంది. మా కార్లన్నీ వంకరగానే వచ్చాయి. అన్నిటినీ సరిచేయించాం. మాంటెరేలో నాకు తెలిసిన రేకుపని వాళ్ళున్నారు. ఈ స్తంభాన్ని ఇక్కడ కోసి, కొంచెం సాగదీసి, మళ్ళీ అతికి రంగు వేస్తే చాలు, అచ్చు మీద చేసిన ఏ అద్దమైనా చక్కగా కూర్చుంటుంది.”

విల్మా ఆ స్తంభం మీద చెయ్యి వేసింది. ఆమె మాట్లాడినప్పుడు గొంతు పెరగలేదు. ప్రతి మాటా విడివిడిగా, పద్దు చదివినట్టు వచ్చింది.

“పోయిన నెల మీరు పగిలిన గాజును ముట్టుకోవద్దన్నారు. ఇవాళ పగలని ఇనుమును కోయమంటున్నారు.”

“అది వేరు, ఇది వేరండీ. స్తంభం ఎవరికీ కనిపించదు. అద్దం కనిపిస్తుంది.”

“ఆ తమ్ముడి చెయ్యి ఈ కారులో మిగిలింది ఈ వంకరలోనే, మిస్టర్ ఫెయిర్‌లీ. పక్షిని అతను కొట్టలేదు. పక్షి గాజు కంపెనీది.”

“ప్రదర్శన ఆరు వారాల్లో ఉంది,” అన్నాడాయన. అది ఆయనకు సమాధానమే.

“మీ అచ్చు మీరు పట్టుకెళ్ళండి. ఇచ్చినందుకు కృతజ్ఞురాలిని. కారు తెస్తానన్నాను, తెస్తాను. మాట ఇచ్చింది అచ్చు కోసం, అది పనికిరాలేదు కదా అని తప్పించుకోను.”

ఫెయిర్‌లీ అచ్చును దుప్పట్లో చుట్టి, పసిబిడ్డను మోసినట్టు మోసుకుపోయాడు.

రెండో అచ్చును వాళ్ళు కారు మీదే తీశారు. పగిలిన పాత అద్దం చట్రంలో ఉన్నది ఉన్నట్టుగా ఉండగానే దాని మీద పల్చటి ప్లాస్టిక్ కాగితం పరిచి, జిగురులో ముంచిన గాజునార గుడ్డలు పొర మీద పొర వేశారు. ఆరాక ఆ పెంకును తాబేటి చిప్పలా లేపారు. వంకరతో సహా వచ్చింది. నాచో దాన్ని నెత్తిన బోర్లించుకుని షాపంతా తిరిగితే చేలా చెప్పు విసిరింది. ఆ పెంకు ఒరెగాన్ పోయింది. ఇక అద్దం వస్తే, అది ఒక్కటే. అదీ పగిలితే మళ్ళీ చేయడానికి కొలిమి వాడికి శీతాకాలం దాకా తీరిక లేదు. ఈలోగా బండి షాపు మూల టార్పాలిన్ కింద ఉంటుంది. ఫెయిర్‌లీ మ్యూజియం వాళ్ళు ఇప్పటికే రెండుసార్లు విల్మాకు ఫోను చేశారు. ఎంతో ఆదరంగా, చావు కబురు అడిగే బంధువుల్లా. ఆ రోజుల్లో ఆమె బస్సుల్లో తిరిగింది. బస్సు మీద ఆమెకేమీ ఫిర్యాదు లేదు. ఎవరో ఒకరు నడుపుతున్నారు, అది తాను కాదు, అంతే.

ప్రదర్శనకు వారం ముందు అద్దం వచ్చింది. దాన్ని ఎక్కించే రోజు ఫెయిర్‌లీ పిలవకుండానే హాజరయ్యాడు.

ముందు పాతది దిగాలి. అద్దం చుట్టూ ఉండే రబ్బరు పట్టీ ఎండిపోయి కొబ్బరి చిప్పలా బిగుసుకుపోయింది. చేలా కత్తి తీసింది.

“రబ్బరు కోయకండి!” అన్నాడు ఫెయిర్‌లీ. “అదీ అసలుదే!”

“అయితే అద్దం పగలగొట్టి తియ్యమంటారా, సార్?”

“అయ్యో, అది అసలే వద్దు!”

“అయితే మీరు రండి. కాస్త బతిమాలి చూడండి, అదే దిగొస్తుందేమో.”

నాచో నవ్వు ఆపుకోలేక బయటికి పోయాడు. చేలా రబ్బరు కోసింది. పాత అద్దం చీలిక దగ్గర మడతపడి, నడుమనున్న పొర పట్టి ఉంచడం వల్ల తడి గుడ్డలా వేలాడుతూ దిగింది. దాన్ని తనకివ్వమని ఫెయిర్‌లీ అడిగాడు. విల్మా తీసుకోమంది. ఆయన ముఖం వెలిగిపోయింది.

కొత్త అద్దానికి కొత్త రబ్బరు తొడిగారు. రబ్బరు లోపలి గాడిలో చుట్టూతా సన్నటి నైలాను తాడు పెట్టి, రెండు కొసలూ కారులోపలికి వేలాడేట్టు వదిలారు. సబ్బునీళ్ళు పూశారు. బయటినుంచి ఒకరు అద్దాన్ని అరచేతులతో అదిమి పట్టాలి. లోపల కూర్చున్నవాళ్ళు తాడు లాగుతూ పోవాలి. తాడు వస్తూ వస్తూ రబ్బరు పెదవిని చట్రం రేకు మీదుగా లోపలికి మడిచి కూర్చోబెడుతుంది. లోపలికి నాచో దూరాలని చూశాడు. కొర్సెల్లి అన్నదమ్ములు బక్కపలచని వాళ్ళు, తమ కొలతకే సీటు పెట్టారు. నాచో ఒక భుజం దూరింది, రెండోది దూరలేదు.

“బయటికి రా, దున్నపోతా. కారు పగులుతుంది,” అంది చేలా. “దోన్యా, మీరెక్కండి. నేను చెప్పినప్పుడే లాగాలి. ఆపమన్నప్పుడు ఆపాలి. ఈ ఒక్క పూటా నేను పెద్దదాన్ని, మీరు చిన్నపిల్ల.”

“సరే అక్కా,” అంది విల్మా, డెబ్బై ఏడేళ్ళ మనిషి, స్టీరింగు వెనక సర్దుకుంటూ.

కింది అంచు తేలిగ్గా వచ్చింది. కుడివైపు వచ్చింది. పై అంచు సగం దాకా వచ్చింది. ఎడమ మూల దగ్గరపడేకొద్దీ తాడు బరువెక్కింది. గాజు లోపలినుంచి సన్నగా మూలిగింది.

“ఆపండి!”

విల్మా ఆపింది. అద్దానికి అవతల చేలా ముఖం చెమటతో, సబ్బునీళ్ళతో మెరుస్తోంది. ఆమె కళ్ళు మూసుకుని, చెవి గాజుకు ఆనించి, అరచేత్తో మెల్లగా, చాలా మెల్లగా మూలను తడుతోంది. ఫెయిర్‌లీ ఇంకాస్త దగ్గరికి వంగాడు. ఆయన ఏమి కోరుకుంటున్నాడో ఆయన ముఖం చూసి చెప్పడం కష్టం. బహుశా ఆయనకే తెలియదు.

“కొంచెం సబ్బు, నాచో. ఇక్కడ కాదు, కింద. ఆ… దోన్యా, లాగండి. గట్టిగా కాదు. సాలెగూడు లాగినట్టు.”

విల్మా లాగింది. తాడు కదల్లేదు. తర్వాత కదిలింది. రబ్బరు పెదవి చప్పుడు లేకుండా మూల తిరిగి లోపలికి జారింది, తాడు మొత్తం ఆమె ఒడిలోకి వచ్చి పడింది. ఆ మెలితిరిగిన మూలలో, తమ్ముడి చేతి వంకరలో, గాజు కూర్చుంది.

చేలా చేతులు తుడుచుకుంది. షాపు వెనక్కి పోయి, ముఖం కడుక్కుని వచ్చి, “నాచో, తినడానికేమైనా తీసుకురారా. నీకు కాదు, మాకు,” అంది.

హైవే పోలీసు అద్దం చూసి కాగితం మీద సంతకం పెట్టేశాడు. ఫెయిర్‌లీ మర్నాడు ముద్ర రేకు పట్టుకుని విల్మా ఇంటికి వచ్చాడు. కొత్త అద్దం మూలన అప్పటికే ఒక ముద్ర ఉంది, చట్టం ప్రకారం ఉండాల్సినది: ఒరెగాన్ కార్ఖానా పేరు, ఈ సంవత్సరం. దాన్ని అరగదీసి పక్షిని వేయిద్దామన్నాడు. ఆమె గుమ్మంలోనే నిలబడి వద్దంది. కాఫీ ఇచ్చింది. మళ్ళీ వద్దంది.

ప్రదర్శన రోజు సముద్రం మీద పొగమంచు. గోల్ఫ్ మైదానపు పచ్చిక మీద కార్లన్నీ ట్రెయిలర్ల మీంచి మెత్తటి చెప్పుల్లాంటి గుడ్డల మీదికి దిగుతున్నాయి. రోడ్డు మీద తన చక్రాలతో తాను నడిచి వచ్చింది విల్మా కారు ఒక్కటే. ఆమె దాన్ని ముట్టుకోని కార్ల వరుసలో, ఫెయిర్‌లీ చూపించిన చోట నిలబెట్టి, కార్ల చుట్టూ కట్టిన తాడు అవతల నిలబడ్డ చేలా, నాచోల దగ్గరికి పోయి కాఫీ తాగింది. తిరిగొచ్చేసరికి అద్దం మూలన సంఘం వారి గుండ్రటి స్టిక్కరు అతికించి ఉంది. సరిగ్గా ముద్ర మీద.

న్యాయనిర్ణేత హచెన్స్ అనే ముసలాయన. గడ్డి టోపీ, చేతిలో టార్చి. ఫెయిర్‌లీ ఆయన పక్కనే నడుస్తూ కారు కథ చెబుతున్నాడు. హచెన్స్ సీట్లు చూశాడు, పెచ్చులు లేచిన రంగు చూశాడు, తల ఊపాడు. అద్దం దగ్గర ఆగాడు.

“చాలా తేటగా ఉందే.”

“పాత నిల్వలోది,” అన్నాడు ఫెయిర్‌లీ. “ఇటలీలో ఒక గోదాములో దొరికింది.”

“ఒరెగాన్‌లో దొరికింది,” అంది విల్మా. “పోయిన వారం.” గోటితో స్టిక్కరు అంచు లేపి ఒలిచి, ఫెయిర్‌లీ చేతిలో పెట్టింది.

హచెన్స్ ముద్ర చూడటానికి వంగాడు. నిటారుగా లేచేసరికి ఆయన ముఖంలో చిరాకు ఉంది, ముద్ర మీద కాదు. “అమ్మా, మీరు చెప్పకపోతే నేను అడిగేవాణ్ణి కాదు.”

“అడగడానికే కదా మీకా టార్చి ఇచ్చారు?”

“మిగతా కారంతా అసలుదే. ఒక్క అద్దం. ఇప్పుడు మీరు చెప్పారు కాబట్టి నేను దీన్ని ఈ వరుసలో ఉంచలేను.”

“వరుస పేరు ముట్టుకోని కార్లు. నేను దీన్ని రోజూ ముట్టుకున్నాను, మిస్టర్ హచెన్స్. మీ నిర్ణయం సరైనదే.”

హచెన్స్ తన కాగితం మీద ఒక గీత గీసి, టోపీ తీసి వేసుకుని, పక్క కారు దగ్గరికి పోయాడు. ఆ కారు అద్దం మూలన పక్షి ఉంది. ఆయన తల ఊపాడు.

ఫెయిర్‌లీ అక్కడే నిలబడిపోయాడు. స్టిక్కరు ఆయన బొటనవేలికి అంటుకుని రావడం లేదు. “ఎంత పని చేశారు మీరు,” అన్నాడు. నిజంగా దుఃఖంతో అన్నాడు. “మించిపోయింది లేదు. పాత అద్దం నా దగ్గర భద్రంగా ఉంది. వచ్చే ఏడాది ఒక్కరోజుకు ఇది తీసి అది పెడదాం.”

“మీ కారుకు పెట్టుకోండి. మీదీ అసలుదవుతుంది.”

“నా కారుకు పట్టదు.” ఆయన తల దించుకున్నాడు. “పెట్టి చూశాను.”

“పట్టదు,” అంది విల్మా. “మీది సరిచేశారుగా.”

బహుమతులు అయ్యేదాకా ఇంజన్లు మొదలుపెట్టకూడదని అక్కడ నియమం. వరుసలో లేని కారుకు ఆ నియమం వర్తిస్తుందా అని విల్మా గేటు దగ్గర మనిషిని అడిగింది. అతనికి తెలియలేదు. ఆమె మొదలుపెట్టింది. పట్టు రుమాళ్ళ పెద్దమనుషులు రెండు వైపులా జరిగారు. చేలా పరుగెత్తుకొచ్చి పక్క సీట్లో కూలబడింది. నాచోను వ్యాను తెమ్మని కిటికీలోంచి కేకేసింది.

తీరం వెంబడి మంచు చినుకుగా మారింది. వైపర్లు ఎడమవైపు కాస్త తడబడుతూ తిరిగాయి. చేలా రోడ్డు చూడలేదు. మెడ సాచి అద్దం చుట్టూ రబ్బరును వేలితో తడుముతూ కూర్చుంది. ఎడమ మూల, పై అంచు, కుడి మూల.

“పొడి,” అంది. “ఎముకలా పొడి. మరి నా మోకాలు తడుస్తోందేమిటి?”

“తలుపు కారుతుంది.”

“ఎప్పటినుంచి?”

“కొన్నప్పటినుంచి.”

“చెప్పరేం? రేపు తీసుకురండి, బాగుచేస్తాను.”

ఎదురుగా ఒక సైకిలు వచ్చింది. తొక్కుతున్న మనిషి పసుపుపచ్చ కోటు వేసుకుని, వానకు తల వంచుకుని ఉన్నాడు. విల్మా వేగం తగ్గించి, అతను దాటిపోయేదాకా చూసింది. మొత్తం మనిషి.

“తర్వాత చూద్దాం,” అంది. “మోకాలి మీద ఆ గుడ్డ వేసుకో.”